నాయినమ్మ మేకలు, లక్ష్మా గౌడ్ గీతలు

మొన్న కోడలితో కలిసి సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌కు వెళ్లాను. తన గాజు ఒకటి విరిగితే మాటు పెట్టించాలి. కంసాలి కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నామో లేదో, వెనక గదిలోంచి ఒక వాసన తోసుకొచ్చింది. ముక్కుపుటాలు మండించి, గొంతులో చేదుగా దిగే వాసన. కోడలు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, "అత్తమ్మా, బయట నిలబడదాం పదండి" అంది. నేను కదల్లేదు. అది తేజాబు. బంగారంలో కలిసిన రాగినీ వెండినీ తినేసి మేలిమిని మాత్రం మిగిల్చే నత్రికామ్లం. కంసాలులకు అది రోజూ ఉండేదే. నాకు మాత్రం మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ, జింకు పలకలు, వాటి మీద తేలిన మేకలు, ఆ మేకల వెనక మా నాయినమ్మ, అన్నీ ఒక్కసారిగా ఆ సందులోకి వచ్చేశాయి. ఎన్నాళ్లుగానో రాయాలనుకుంటున్నదే ఇది. చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారి బొమ్మల గురించి, ఆ బొమ్మలు నాకు మా ఇంటిని ఎట్లా తిరిగి చూపించాయో దాని గురించి.

*

ప్రింట్‌మేకింగ్ గది, అంటే పలకల మీద గీసి కాగితం మీద బొమ్మలు అచ్చుతీసే గది, కాలేజీలో ఒక మూలకు ఉండేది. పెయింటింగ్ వాళ్ల గదుల్లో లిన్సీడ్ నూనె, టర్పెంటైన్ వాసనలు. మా గదిలో తేజాబు, కరిగిన తేనెమైనం, గుగ్గిలం, నల్ల సిరా. ఎచింగ్ చేసే ఆడపిల్లలం మా బ్యాచ్‌లో ఇద్దరమే. మిగతావాళ్లకు రంగులు కావాలి, కాన్వాస్ కావాలి. మాకు ఎందుకో ఆ నలుపు పట్టుకుంది.

ఎచింగ్ చూడనివాళ్ల కోసం చెప్తాను. జింకు పలక అంచుల్ని ఆకురాయితో నున్నగా అరగదీయాలి, లేకపోతే ప్రెస్సులో కాగితం చిరుగుతుంది. సుద్దపొడితో తోమి జిడ్డంతా పోగొట్టాలి. పలకను వేడి చేసి, దాని మీద తేనెమైనం, తారు, గుగ్గిలం కలిపిన పూత పల్చగా పట్టించాలి. పూత ఆరాక సూదితో గీయాలి. సూది లోహాన్ని కొయ్యదు, పూతను మాత్రమే లేపుతుంది. అప్పుడు పలకను నీళ్లు కలిపిన తేజాబులో వేస్తే, సూది ఎక్కడెక్కడ తిరిగిందో అక్కడక్కడ ఆమ్లం లోహాన్ని తింటుంది. ఎక్కువసేపు తింటే గీత లోతవుతుంది, లోతైన గీత ఎక్కువ సిరా పట్టి చిక్కటి నలుపు ఇస్తుంది. కొద్దిసేపే తింటే వెంట్రుక మందం. ఆ తర్వాత పూత కడిగేసి, సిరా రుద్ది, పైపైన ఉన్నది గుడ్డతోనూ అరచేత్తోనూ తుడిచేసి, తడిపిన కాగితం పరిచి, ఉన్ని దుప్పట్లు కప్పి ప్రెస్సు తిప్పాలి. గాళ్లలో దాగిన సిరా కాగితం మీదికి ఎక్కుతుంది, అదీ కుడిఎడమలు తారుమారై.

మా గదిని చూసుకునే పెద్దాయనను అందరం చాచా అనేవాళ్లం. తేజాబు కలపడం ఆయన మాకెవరికీ వదిలిపెట్టేవాడు కాదు. ముందు ట్రేలో నీళ్లు పోసి, తర్వాత సన్నటి ధారగా ఆమ్లం. "పానీ మే తేజాబ్ డాల్నా బేటీ, తేజాబ్ మే పానీ నక్కో." ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. పలక మునిగాక గీతల వెంబడి సన్నటి బుడగలు లేచేవి. ఆ బుడగలు అక్కడే పట్టుకుని ఉంటే వాటి కింద ఆమ్లం సరిగ్గా పనిచేయదు, గీత ఎగుడుదిగుడుగా వస్తుంది. వాటిని తుడవడానికి బ్రష్షు పనికిరాదు. పక్షి ఈక కావాలి. చాచా దగ్గర ఒక డబ్బా నిండా ఈకలుండేవి. కోడిపుంజు తోక ఈకలు, గద్ద ఈకలు, ఎక్కడో ఏరుకొచ్చిన కాకి ఈకలు. ఈక పట్టుకుని ట్రే మీదికి వంగి, పలక మీద నిమురుతూ, కళ్లు మండుతుంటే మొహం పక్కకు తిప్పుకుంటూ గంటలు గడిపాం. ఇప్పటి పిల్లలు చాలాచోట్ల తేజాబు మానేసి వేరే రసాయనాలు వాడుతున్నారు, ఊపిరితిత్తులకు అదే మంచిది.

మా సార్లలో ఒకరు పాఠం మధ్యలో కృష్ణారెడ్డి గారి ప్రస్తావన తెచ్చేవారు. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ స్టూడియోలో చేరి, ఒకే పలక మీద రకరకాల చిక్కదనాలున్న సిరాలు వేసి ఒకే దెబ్బకు ఎన్నో రంగులు అచ్చువేసే పద్ధతిని తీర్చిదిద్దినవాడాయన. ఒక చేపను, ఒక పురుగును ఆయన పలక మీద శిల్పం చెక్కినంత శ్రద్ధగా చెక్కారు. తెలుగువాళ్లకు ప్రింట్‌మేకింగ్‌లో ఇంత వంశం ఉందని మాకు అప్పుడే తెలిసింది. అయినా పారిస్ దూరం. నా మనసు పట్టింది మాత్రం మా మెదక్ మనిషి లక్ష్మా గౌడ్ గారినే.

*

మా ఊరు ఉమ్మడి మెదక్ జిల్లాలో. మాది గూనపెంకుల ఇల్లు. ముందర వాకిలి, పక్కన చిన్న దొడ్డి, దొడ్డికీ వంటింటికీ మధ్య తలుపు లేని దారి. నాయినమ్మ మేకలు ఆ దారిలోనే తిరిగేవి. మంద కాదు, ఇంటి మేకలు. బొల్లి, ఎర్రది, చెవులది, కొమ్ము విరిగిన ముసలిది. పోతుపిల్లలకు పేరు పెట్టేది కాదు. అవి ఎక్కువ రోజులుండవని నాయినమ్మకు ముందే తెలుసు.

పొద్దున నా నిద్ర లేచేది గొంతులతో. ముందు గంప కిందున్న పిల్లలు మొదలుపెట్టేవి. రాత్రంతా తల్లి పాలు తాగెయ్యకుండా వాటిని పెద్ద వెదురుగంప కింద మూసి, పైన రాయి పెట్టేది నాయినమ్మ. తెల్లారగానే గంప సందుల్లోంచి ఆ చిన్న మూతులు బయటికి పెట్టి అరుపు. దొడ్లోంచి తల్లులు జవాబు. నాయినమ్మ ఒక చేత్తో గంప లేపి, ఇంకో చేత్తో నన్ను వెనక్కి నెట్టేది. పిల్లలు దూసుకుపోయి ముందరి మోకాళ్ల మీద కూలబడి పొదుగును తలతో కుమ్మేవి. తోకలు గిరగిరా కొట్టుకునేవి. నాకు ముందు పాలు పిండి పెట్టాకే వాటికి కడుపునిండా. చిన్నప్పుడు నాకు ఒంట్లో బాగుండేది కాదట, మేకపాలే పట్టిచ్చి పెంచానని నాయినమ్మ ఊరందరికీ చెప్పేది. ఆ లెక్కన బొల్లి పిల్లలూ నేనూ ఒక్క పాలు తాగినవాళ్లమే.

వానాకాలం రాత్రుళ్లు నాకు బాగా గుర్తు. దొడ్డి కురిస్తే మేకలన్నీ లోపలికే. ఒకే అర్రలో మంచం మీద నేను, కింద బొంత మీద నాయినమ్మ, ఆమె కాళ్ల దగ్గర మేకలు. తడిసిన మేక వాసన మొదట కొట్టినట్టుంటుంది, కాసేపటికి ముక్కు దాన్ని ఒప్పుకుంటుంది. దీపం చిన్నది చేశాక నెమరు చప్పుడు. గడ్డి తింటున్నప్పుడు వచ్చే చప్పుడు కాదు అది, ఇంకా నెమ్మది. మధ్యలో ఆగి, గొంతులోంచి ముద్ద పైకి వచ్చి, మళ్లీ మొదలు. నాయినమ్మ నిద్రలో కూడా చెయ్యి చాపి పక్కనున్న మేక వీపు మీద వేసేది. ఆ చేతి చర్మం, మేక వెంట్రుకలు, మసక వెలుతురులో ఏది ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. చిన్నపిల్లను కాబట్టి అందులో వింతేమీ కనబడలేదు. ఇల్లంటే అదేననుకున్నాను.

మేక కన్ను చాలామంది దగ్గర్నుంచి చూసి ఉండరు. కనుపాప మనకున్నట్టు గుండ్రంగా ఉండదు, అడ్డంగా చీలిక ఉంటుంది. ఎండలో సన్నటి గీత, చీకటి పడేసరికి వెడల్పవుతుంది. మేసే జంతువు కదా, తల వంచి గడ్డి తింటున్నా రెండు పక్కలా దూరం దాకా కనబడాలి, నక్కనో తోడేలునో పసిగట్టాలి. నేను సాయంత్రాలు చెవులదాని మొహం రెండు చేతులతో పట్టుకుని ఆ గీత వెడల్పయ్యేదాకా చూసేదాన్ని. అది ఓపిగ్గా నిలబడి నా జడ నమిలేది.

*

లక్ష్మా గౌడ్ గారి ప్రింటు మొదటిసారి చూసింది కాలేజీ రోజుల్లోనే, నగరంలో ఒక ప్రదర్శనలో. నాతోపాటు ఎచింగ్ చేసే స్నేహితురాలు వచ్చింది. నలుపు, బూడిద రంగులే. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, ఒక మేక, వాళ్ల వెనక చెట్టు. మొదట మా ఇద్దరికీ ఒళ్లు కుంచించుకుపోయింది. అరవైలు, డెబ్బైలనాటి ఆయన బొమ్మల్లో శృంగారం దాపరికం లేకుండా ఉంటుంది, దేహాలు దేహాల్లాగే ఉంటాయి. పక్కన నిలబడ్డ పెద్దమనుషులు మమ్మల్ని చూసి గొంతు సవరించుకుని ముందుకు నడిచారు. మేమూ వెళ్లిపోయేవాళ్లమే. కానీ నా కన్ను మేక మీద పడింది.

దాని ఒంటి మీద వెంట్రుకలు ఎటు వాలుతాయో అటే వాలాయి. మెడ దగ్గర ఒక తీరు, వీపు వెంబడి ఒక తీరు, పొట్ట కింద వదులుగా. అది పుస్తకంలో చూసి గీసిన మేక కాదు. ఇంకా దగ్గరికి జరిగాను. మేక వెంట్రుకలకు వాడిన గీతనే మనిషి ఛాతీ మీద వెంట్రుకలకూ వాడారు. అదే గీత చెట్టు బెరడులోకి పోయింది, ఆడమనిషి జుట్టులోకి పోయింది. సూది ఎక్కడా ఆగి, ఇప్పటిదాకా జంతువు, ఇక్కణ్నుంచి మనిషి అని చెప్పలేదు. వానరాత్రి మా అర్రలో నేను చూసింది అదే. ఆ చెయ్యి, ఆ వీపు.

స్నేహితురాలు మెల్లగా, "ఈ మేక దేనికి గుర్తంటావు?" అని అడిగింది. మా చుట్టూ ఉన్నవాళ్లంతా అదే అడుగుతున్నారు. కామానికి గుర్తా, బలికి గుర్తా, పల్లెకు గుర్తా? దశాబ్దాలుగా ఆ ప్రశ్న వింటూనే ఉన్నాను. నా నమ్మకం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఆ మేక ఆ ఇంట్లో మనిషి. దాని పేరో, దాని అలకో, దాని ఆకలో దానికున్నాయి. దాన్ని గుర్తుగా మార్చేస్తే ఆ చిత్రకారుడు పడిన కష్టమంతా వృథా అవుతుంది. అంత ఓపిగ్గా వెంట్రుక వెంట్రుకా ఎవరూ ఒక గుర్తు కోసం గీయరు.

*

ఆయన జీవితాన్ని తర్వాత తర్వాత కొంచెం కొంచెంగా తెలుసుకున్నాను. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. కల్లుగీత కులం, వ్యవసాయపు ఊరు. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో డ్రాయింగ్, పెయింటింగ్ చదివారు. 1963లో బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయానికి వెళ్లి మ్యూరల్ (గోడచిత్రం), ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నారు. అక్కడ గురువు కె.జి. సుబ్రమణ్యన్. కేరళలో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి వచ్చిన ఆ గురువు కుమ్మరి పనినీ, బొమ్మల పనినీ, పటాలనూ కాన్వాస్‌తో సమానంగా చూడమని నేర్పినవాడు. కరీంనగర్ బూరుగుపల్లి నుంచి వెళ్లిన తోట వైకుంఠం గారు కూడా ఆయన దగ్గరే చదువుకున్నారు. వైకుంఠం గారి బొమ్మల్లో ఆడవాళ్ల దగ్గర చిలకలుంటాయి, ఎర్రబొట్టుకు దీటుగా పచ్చగా. ఇద్దరు తెలంగాణ బిడ్డలు అంత దూరం పోయి, తిరిగి తమ ఊళ్లనే గీయడం నాకు ఎప్పుడూ గర్వంగానే ఉంటుంది.

బరోడా నుంచి ఇంటికొచ్చాక లక్ష్మా గౌడ్ గారికి సొంత ఊరు కొత్తగా కనబడింది. పట్నంలో చదువుకున్నవాళ్లు మాట్లాడడానికే సిగ్గుపడే సంగతులు పల్లెలో పశువుల మధ్య, పొలాల మధ్య మామూలు బతుకులో భాగం. ఆ కాలపు ఎచింగులన్నీ ఆ ఎరుకలోంచి వచ్చినవే. అందరికీ నచ్చవు. నాకు కూడా అన్నీ నచ్చవు, కొన్నింటి ముందు ఎక్కువసేపు నిలబడలేను. కానీ అవి అబద్ధం చెప్పవు.

ఆయన హైదరాబాద్ దూరదర్శన్‌లో గ్రాఫిక్స్ పని చేశారు. తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం సరోజినీ నాయుడు స్కూల్‌లో బోధించి, డీన్‌గా చేసి 2001లో పదవీ విరమణ చేశారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. ఈ లోపల చేయి పట్టని మాధ్యమం లేదు. ఎచింగ్, ఇంకు, పేస్టల్, నీటిరంగు, గాజు వెనకవైపు వేసే చిత్రాలు, టెర్రకోట, కంచు. మొదటి నాటి నలుపు సడలి రంగులొచ్చాయి. ముఖాలు నెమ్మదించాయి, మగవాళ్లకు తలపాగాలు, ఆడవాళ్లకు ముక్కుపుడకలు, కమ్మలు. మేక మాత్రం పోలేదు. యాభై ఏళ్ల పనిలో ఏ వైపు నుంచి వచ్చినా అది ఎదురవుతుంది. ఒకచోట టెర్రకోట మేకతల చూశాను. కాల్చిన మట్టి రంగు మా ఎర్రదాని రంగే. ముట్టుకోవద్దని రాసి ఉంది, చేతులు వెనక్కి కట్టుకుని చూశాను.

చిత్రకళ చరిత్ర పుస్తకాల్లో చిత్రకారుడు మంజిత్ బావా గారిని కూడా ఈ వరసలోనే చెప్తారు. పంజాబ్ ధురీలో పుట్టిన మనిషి. ఆయన కృష్ణుడి మురళి వినడానికి ఆవుల బదులు కుక్కలు వస్తాయి. ఎర్రటి, పసుపుపచ్చటి మైదానంలో ఎముకల్లేనంత మెత్తటి దేహాలతో మనిషీ జంతువూ తేలుతుంటారు. చాలా ఇష్టపడి చూస్తాను. అక్కడ ఉన్నది శాంతి. లక్ష్మా గౌడ్ గారి దగ్గర శాంతి కంటే ముందు దొడ్డి వాసన ఉంటుంది, నాకు అదే సొంతం.

*

మా ఊరి పోచమ్మ పండుగ గురించి చెప్పకపోతే ఈ బంధం గురించి సగమే చెప్పినట్టు.

ఏడాదికోసారి ఒక పోతును వదిలేవాళ్లం. నాయినమ్మే దానికి పసుపు రాసేది, మెడలో వేపమండల దండ వేసేది. గుడి ముందు నీళ్లు చల్లితే యాట ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. ఒక్కోసారి అది ఎంతకీ విదిలించేది కాదు. డప్పులు ఆగేవి. అందరూ ఎదురుచూసేవాళ్లు. నాయినమ్మ దాని చెవిలో ఏదో చెప్పేది. ఏం చెప్పేదో నాకెప్పుడూ చెప్పలేదు. కాసేపటికి అది ఒళ్లంతా జలజల విదిలించేది, డప్పులు మళ్లీ లేచేవి, నాయినమ్మ తిరిగి చూడకుండా ఇంటికి నడిచేది. ఆ పూట ఇంట్లో అందరికీ వండిపెట్టేది, తను మాత్రం పచ్చిపులుసుతో తినేది. మర్నాడు పొద్దున మామూలే, గంప లేపడం, తుమ్మకాయలు రాల్చుకురావడం.

నాయిన ఒకసారి అడిగాడు, అంత బాధైతే ఇంకో ఇంటి పోతును కొని ఇద్దాం కదా అని. "పక్కింటోళ్ల బిడ్డనిచ్చి నా మొక్కు తీర్సుకోవాల్నా?" అంది.

పట్నంలో జంతుప్రేమ గురించి మాట్లాడుకునేటప్పుడు నేను ఎక్కువగా ఊరుకుంటాను. పెంచే చెయ్యీ అమ్మే చెయ్యీ ఒకటే అయిన ఇంట్లో పెరిగినదాన్ని. ఆ ప్రేమలో అబద్ధం లేదు, ఆ కత్తిలోనూ అబద్ధం లేదు. లక్ష్మా గౌడ్ గారి మనుషుల మొహాల్లో ఒక రకమైన బరువు ఉంటుంది, మేకను ఒళ్లో పెట్టుకున్నవాళ్లు కూడా నవ్వరు. విమర్శకులు దాన్ని రకరకాలుగా చెప్తారు. నాకు మాత్రం పోచమ్మ గుడి నుంచి తిరిగొస్తున్న మా నాయినమ్మ మొహమే కనబడుతుంది.

*

చదువయ్యాక డ్రాయింగ్ టీచర్‌గా కుదిరాను. ఎచింగ్ ప్రెస్సు నాకు ఎక్కడిది, ఇంట్లో లినోలియం ముక్కల మీద కోసుకుని చెంచాతో రుద్ది అచ్చులు తీసుకునేదాన్ని. గవర్నమెంటు బళ్లో పీరియడ్ వారానికి రెండు, అవీ లెక్కల సారు అడిగితే పోయేవి.

కొత్త తరగతికి వెళ్లినప్పుడల్లా ఒకటే పని ఇచ్చేదాన్ని. మీకు తెలిసిన జంతువును గీయండి. మొదట్లో అందరూ సింహాలూ నెమళ్లూ గీసేవాళ్లు, చార్టుల్లో చూసినవి. "మీ ఇంట్లో ఉన్నదాన్ని" అంటే అప్పుడు బర్రెలు, కోళ్లు, కుక్కలు దిగేవి. ఒక పిల్ల మేకను ముందరి మోకాలి నుంచి మొదలుపెట్టింది. తల గీయలేదు, ఒళ్లు గీయలేదు, కాగితం మధ్యలో ఒక మోకాలు, దాని మీద కాయ కాసిన చర్మం, దాని కింద రెండు గిట్టలు. ఎందుకలా అంటే, "టీచర్, మ్యాకకు ముల్లు దిగితే నేనే కాలు పట్టుకుంట, మా అవ్వ తీస్తది" అంది. ఆ పిల్లకు మేక అంటే ముందు చేతిలో ఉండే కాలు. తల తర్వాత సంగతి. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. తరగతికి లక్ష్మా గౌడ్ గారి మేకల బొమ్మలు చూపించినప్పుడు అదే పిల్ల, "ఈ సారు మ్యాకల కాడ కూసున్నడు" అంది. నిలబడి గీస్తే మేక వీపు కనబడుతుంది, కూర్చుంటేనే పొట్టా మోకాళ్లూ కనబడతాయి. బళ్లో అందరికంటే ముందు ఆ పిల్లకే తెలిసింది.

మండెచ్చులవాళ్లు ఊళ్లోకి వచ్చి కొయ్యబొమ్మలు వరుసగా నిలబెట్టి కాటమరాజు కథ చెప్పే రాత్రుళ్లు కూడా ఆ పిల్లల తరం చివరిసారి చూసిందేమో. గొల్లల ఆవుల మేతకు కరువొచ్చి, నెల్లూరు నల్లసిద్ధి రాజ్యంలో పుల్లరి (మేత పన్ను) దగ్గర గొడవై, యుద్ధం దాకా పోయే కథ. యుద్ధంలో మనుషులతో పాటు బొల్లావు కూడా దిగుతుంది. వినేవాళ్లు మనుషులు పడినప్పుడు ఎంత ఏడ్చేవాళ్లో ఆవు పడినప్పుడూ అంతే ఏడ్చేవాళ్లు.

ఊళ్లో ఇప్పుడు మా ఇల్లు స్లాబు. నేల మీద టైల్సు, తడి గిట్ట నిలబడితే జారుతుంది. దొడ్డి ఉన్నచోట మోటారు బండ్లు. తమ్ముడి కొడుకు తుమ్మచెట్టు ఎక్కడుండేదో నన్ను అడిగాడు. 2017లో ప్రభుత్వం గొర్రెల పథకం పెట్టినప్పుడు, 75 శాతం సబ్సిడీ మీద ఇరవై గొర్రెలూ ఒక పొట్టేలూ యూనిట్‌గా ఊళ్లోకి లారీల్లో దిగాయి. చెవులకు ట్యాగులు, ట్యాగుల మీద అంకెలు. కొందరు నిలబెట్టుకుని బాగుపడ్డారు, సంతోషం. కానీ మనిషి పడుకునే అర్రలో వానకు తలదాచుకునే మేక ఆ లెక్కలో లేదు. అది ఇంటి కట్టడంతో పాటే పోయింది. గూనపెంకుల ఇంట్లో మనిషికీ జీవాలకూ మధ్య గోడ లేదు. స్లాబు ఇంట్లో మొదట లేచేది ఆ గోడే.

*

నాయినమ్మను ఒక్కసారి పట్నం తీసుకొచ్చి బొమ్మలు చూపించాను. కంటి ఆపరేషన్ అయ్యి కొత్తగా చూపు తేటపడింది. ఆమె చూడాలనుకున్నది చార్మినార్. అదీ చూపించి, మరుసటి రోజు పొద్దున నా పని కోసం ఒక గ్యాలరీకి వెళ్లాల్సి ఉంటే వెంట తీసుకుపోయాను. చాలామంది ప్రింట్‌మేకర్ల పనులు కలిపి పెట్టిన ప్రదర్శన. ఏసీ చల్లదనానికి ఆమె కొంగు చెవుల చుట్టూ చుట్టుకుంది. చెప్పులు బయటే విడిచి వచ్చింది, ఎంత చెప్పినా వేసుకోలేదు.

అబ్‌స్ట్రాక్ట్ పనుల ముందు నుంచి ఆగకుండా నడిచింది. లక్ష్మా గౌడ్ గారి ప్రింటు దగ్గర ఆగింది. ఒక ఆడమనిషి, పక్కన మేక. నేను ఏదో చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. అద్దం మీద ఊపిరి ఆవిరి పట్టేంత దగ్గరికి వెళ్లి చూసి, "ఇది కట్టింది" అంది. కడుపుతో ఉందని. "ఎట్ల తెలుసు?" అంటే పొట్ట కింది వంపు, నడుము పక్కన దిగిన గుంట వేలితో చూపించింది. గార్డు దగ్గరికి వచ్చి ముట్టుకోవద్దమ్మా అన్నాడు. "ముట్టుకుంటెనే తెలుస్తది బిడ్డా, గీ అద్దం ఎవరు పెట్టిండ్రు" అంది.

ఆ గీతల మీద అన్నేళ్లుగా నేను చదివినదాంట్లో ఎక్కడా ఆ సంగతి లేదు. జింకు పలకను ఎంతసేపు తేజాబులో ఉంచారు, బూడిద నీడల కోసం వేసే ఆక్వాటింట్‌కు గుగ్గిలప్పొడి ఎంత సన్నగా చల్లారు, ఇవన్నీ చూశాను నేను. నడుము పక్కన గుంట చూడలేదు.

అంగట్లో మేకను కొనేవాళ్లు చేసే పనులన్నీ ఆ బొమ్మకూ చేసింది నాయినమ్మ. కాళ్లు చూసింది, గిట్టలు పెరిగాయా అరిగాయా చూసింది, పొదుగు చూసింది. పక్కనున్న ఆడమనిషిని కూడా చూసి, "ఈమె నిలవడ్డ తీరు సూడు, మ్యాక ఆమెదే, అమ్మదు" అంది. చివరికి వయసు దగ్గర ఆగిపోయింది. మేక వయసు పండ్లు చూసి చెప్తారు, రెండు పండ్లది, నాలుగు పండ్లది అని.

"అంత మంచిగ గీసిండు, నోరు మూసి గీసిండేంది? పండ్లు ఎట్ల సూడాలె?" అంది నాతో. తర్వాత గార్డు వైపు తిరిగి, ఈ సారువే ఇంకా ఉన్నాయా, ఉంటే ఎక్కడున్నాయి అని అడిగింది. అతను లోపలి గది చూపించాడు. కొంగు సర్దుకుని అటు బయల్దేరింది.